మాడిన పెనం

మా మామయ్య గారు ఉద్యోగం చేసినంత కాలం ఉయ్యూరులో, పంచదార ఫ్యాక్టరీ లాబొరేటరీలోనే చేశారు. చెరుకు రసంలో తీపి ఎంత, మడ్డి ఎంత అని పరీక్షించడం ఆయన పని. ఆయన రిటైరైన రెండేళ్ళకి అత్తయ్య గారు పోయారు. కొన్నాళ్ళు ఒక్కరే ఉన్నారు. తరవాత ఒకరోజు ఆయనే మా ఆయనకి ఫోన్ చేసి, "ఒక్కడి కోసం వంట చేసుకోవడం విసుగ్గా ఉందిరా, వచ్చేస్తున్నాను," అని చెప్పి విజయవాడ వచ్చేశారు.

మాది పటమటలో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. మా ఆయనకి వన్‌టౌన్‌లో ప్యాకింగ్ సామాను హోల్‌సేల్ షాపు ఉంది. హోటళ్ళకీ బేకరీలకీ టిఫిన్ సెంటర్లకీ కావలసిన పార్సిల్ డబ్బాలు, కవర్లు, నూనె అంటని కాగితాలు అమ్ముతారు. నేను కంకిపాడు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. పొద్దున్నే ఇద్దరం వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో మామయ్య గారు ఒక్కరే ఉండేవారు.

వచ్చిన కొత్తలో ఆయనకి పొద్దు గడిచేది కాదు. పేపరు ప్రకటనలతో సహా చదివేసేవారు. ఒక ఆదివారం మార్కెట్‌కి వెళ్ళి, కూరగాయల సంచీతో పాటు ఒక పంజరం మోసుకొచ్చారు. అందులో రెండు లవ్‌బర్డ్స్. కొన్ని నెలలకి అవి నాలుగయ్యాయి. వంటింటి వెనక గిన్నెలు తోముకునే బాల్కనీలో, కుళాయికి కాస్త ఎత్తుగా పంజరం వేలాడదీశారు. కొర్రలు పోసేవారు, కొత్తిమీర కాడలు పెట్టేవారు. నీళ్ళ గిన్నె రోజూ కడిగేవారు. నాకు పిట్టలంటే ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. ఈకలు ఎగిరొచ్చి తోమిన గిన్నెల్లో పడుతున్నాయని ఒకటి రెండుసార్లు అన్నాను. ఆయన పంజరం కింద పాత దోమతెర ముక్క ఒకటి కట్టారు.

అది ఎండాకాలం. ఆ రోజు శుక్రవారం. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మామయ్య గారు హాల్లో సోఫా మీద దుప్పటి కప్పుకుని పడుకున్నారు. బయట వడగాలి కొడుతుంటే ఈయనకి దుప్పటేమిటా అనుకున్నాను.

"ఏమైంది మామయ్య గారూ?"

"చలిగా ఉందమ్మా. ఒళ్ళంతా నొప్పులు. ఛాతీ కొంచెం పట్టేసినట్టుంది."

నుదురు కాలిపోతోంది. నేను ఫోన్ తీస్తుంటే ఆయన పడుకునే అన్నారు, "పిట్టలు మూడు పోయాయి. ఒకటి ఉంది గానీ, అదీ ఎగశ్వాస తీస్తోంది."

బాల్కనీలోకి వెళ్ళి చూశాను. పక్కన న్యూస్‌పేపర్‌లో చుట్టిన చిన్న పొట్లం ఉంది. పంజరంలో నీలం రంగు పిట్ట ఒకటే అడుగున కూర్చుని, ముక్కు తెరిచి, తోక ఆడిస్తూ ఊపిరి తీసుకుంటోంది. ఎండదెబ్బ అయుంటుందనుకున్నాం. మా వీధి చివర డాక్టరు గారు మామయ్య గారిని చూసి ఆక్సిజన్ పరీక్షించారు, ఛాతీ విన్నారు. వైరల్ జ్వరం కావచ్చు, ఆయాసం పెరిగితే వెంటనే రమ్మని మాత్రలు రాసిచ్చారు. తెల్లవారేసరికి జ్వరం చాలావరకు దిగిపోయింది. దగ్గు మిగిలింది. పిట్ట కూడా ఇంకా బతికే ఉంది.

"దీన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్దామా అమ్మాయ్?" అని అడిగారు. నాకు ఆ రోజు సెలవు. మా ఆయన షాపుకి వెళ్ళిపోయారు. ఆటో పిలిచాను. మామయ్య గారు పంజరం ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తడి తువ్వాలు కప్పి కూర్చున్నారు.

అక్కడ డాక్టరు ఒక అమ్మాయి, చిన్న వయసే. పిట్టని చేతిలోకి తీసుకుని చూస్తూ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఒకేసారి పోయాయా అండీ అన్నీ?"

"ఒక గంట తేడాలో," అన్నారు మామయ్య గారు.

"ఇంట్లోగానీ పక్కింట్లోగానీ పెయింటింగు జరుగుతోందా?"

"లేదమ్మా."

"దోమల మందు, బొద్దింకల స్ప్రే, సాంబ్రాణి, అలాంటివి?"

"లేదు."

"పంజరం ఎక్కడుంటుంది?"

"వంటింటి వెనకాల," అని నేను చెప్పాను.

ఆ అమ్మాయి తల ఎత్తింది. "వంటింట్లో ఏదన్నా మాడిందా అండీ?"

 మామయ్య గారు పంజరం తలుపు మూసి, గడియ పెట్టి అన్నారు. "పెనం మాడింది. దోశ వేసుకుందామని పొయ్యి మీద పెట్టాను. ఇంతలో మా ఫ్యాక్టరీలో పనిచేసినాయన ఫోన్ చేశాడు. లోపల సిగ్నల్ సరిగ్గా రాదు కదా, ముందు బాల్కనీలోకి వెళ్ళాను. మాటల్లో మర్చిపోయాను. వచ్చేసరికి వంటిల్లంతా పొగ."

"నాన్‌స్టిక్ పెనమేనా?"

"అవును."

"మీకేమన్నా అయిందా తరవాత?"

"జ్వరం వచ్చింది. చలి, దగ్గు."

ఆవిడ పిట్టని మెత్తటి గుడ్డ మీద పెట్టింది. నెమ్మదిగా చెప్పింది. ఆ పెనం మీద ఉండే పూతకి మామూలు వేడిలో ఏమీ కాదట. ఖాళీ పెనం మంట మీద మరీ వేడెక్కితే పూత విరిగి విషపు ఆవిరి వస్తుందట. మనుషులకి ఫ్లూ లాంటి జ్వరం వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పిట్టల ఊపిరితిత్తుల తీరు వేరు, అవి చాలావరకు నిమిషాల్లోనే చచ్చిపోతాయి. "ఆవిరి తగిలాక మేము చేయగలిగింది చాలా తక్కువండీ. ఆక్సిజన్ పెడతాను," అంది. పెట్టింది. మేమక్కడ ఉండగానే ఆ పిట్ట కూడా పోయింది.

పెనం సంగతి నాకు తెలిసింది అప్పుడే. వచ్చేటప్పుడు ఆటోలో ఆయన బందరు రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు. బెంజి సర్కిల్ దాటాక ఒక్క మాటన్నారు.

"నేనే చంపానమ్మా వాటిని."

"తెలిసి చేశారా మామయ్య గారూ."

"తెలీకే. జీవితమంతా కెమికల్స్ దగ్గర పనిచేశాను. ప్రతి సీసా మీదా ఏముందో రాసుంటుంది, చదివి ముట్టుకునేవాణ్ణి. వంటింట్లో పెనం మీద ఏముందో చదవాలని తోచలేదు."

ఆ మాట తరవాత ఆయన దాని గురించి బాధపడుతూ మాట్లాడగా నేను వినలేదు. పంజరం కడిగి, ఎండబెట్టి, కింద వాచ్‌మన్‌కి ఇచ్చేశారు. మర్నాటి నుంచీ చదవడం మొదలుపెట్టారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకుని, గంటల తరబడి చదివేవారు. సాయంత్రం నేను టీ పెడుతుంటే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని చదివింది చెప్పేవారు. పాఠం చెప్పినట్టు కాకుండా, ల్యాబ్‌లో రిజల్టు చెప్పినట్టు చెప్పేవారు.

ఆయన చెప్పిందాంట్లో నాకు గుర్తున్నది ఇది. ఫ్లోరిన్ కలిసిన రసాయనాల పెద్ద కుటుంబం ఒకటి ఉంది. నీళ్ళు అంటకుండా, నూనె అంటకుండా, మరక పడకుండా చేయడం వాటి గుణం. పెనాల పూత తయారీలో, రెయిన్‌కోట్లలో, సోఫా గుడ్డల మీద కొట్టే స్ప్రేల్లో, నూనె పీల్చని కాగితాల్లో, మంటలార్పే నురగలో వాటిని వాడుతూ వచ్చారు. అవి ఎండకి చావవు, వానకి కరగవు, మట్టిలో కుళ్ళవు. ఫ్యాక్టరీ నుంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి చేపలోకి, మనలోకి వస్తాయి. వాటిలో కొన్ని ఒంట్లోకి చేరాక బయటికి పోవడానికి ఏళ్ళు పడుతుంది. కొలెస్ట్రాల్ పెరగడానికీ, థైరాయిడ్ తేడాలకీ, టీకాలు సరిగ్గా పనిచేయకపోవడానికీ, కొన్ని రకాల క్యాన్సర్లకీ వాటితో సంబంధం కనిపించింది.

"అయితే అమ్మాయ్, పెనం పూత ఒక చిన్న ముక్క ఊడి కడుపులోకి పోతే అలాగే బయటికి పోతుందట. మాడితేనే ప్రమాదం, తయారుచేసే చోట ప్రమాదం. భయపడాల్సింది దేనికో, అక్కర్లేనిది దేనికో విడదీసుకోవాలి," అనేవారు. ఆ విడదీయడం ఆయనకి చాలా ముఖ్యం. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో "నాన్‌స్టిక్‌లో వండితే క్యాన్సర్ ఖాయం" అని పెడితే, ఖాయం అన్న మాట తప్పని పెద్ద మెసేజ్ రాశారు. దానికెవరూ జవాబివ్వలేదు.

నాకు చాలా ఏళ్ళుగా థైరాయిడ్ ఉంది. పరగడుపున మాత్ర వేసుకోవడం పళ్ళు తోముకోవడం లాంటిదే నాకు. ఆయన మాట విన్నాక, నాకు ఆ మాత్ర రాసే డాక్టరు గారిని అడిగాను. ఆవిడ నవ్వలేదు, కొట్టిపారేయలేదు.

"సంబంధం ఉందని పరిశోధనలు ఉన్నాయమ్మా. కానీ మీకు దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఏదైనా మీకిచ్చే మందు ఇదే."

"రక్తపరీక్ష ఏమన్నా ఉందా?"

"ఇక్కడ మామూలు ల్యాబుల్లో చెయ్యరు. చేసి అంకె తెలిసినా దాన్ని తగ్గించడానికి నా దగ్గర మాత్ర లేదు. కొత్తగా ఒంట్లోకి చేరేది తగ్గించుకోండి, అంతే."

ఇంట్లో తగ్గించుకోవడం మామయ్య గారి ఆధ్వర్యంలోనే జరిగింది. ముందు వన్‌టౌన్ వెళ్ళి ఇనప పెనం తెచ్చారు. వారం రోజులు దోశలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. మా ఆయన ఆ ముక్కల్ని పచ్చడితో కలుపుకుని తింటూ, "ఉప్మా బాగుంది," అనేవారు. మామయ్య గారు పట్టు వదల్లేదు. రోజూ కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి పెట్టేవారు. సగానికి కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి, ప్రతి దోశకీ ముందు పెనం మీద రుద్దేవారు. ఒక పొద్దున్న మొదటి దోశ అంచు దానంతటదే లేచింది. "రా, చూడు," అని నన్ను స్నానం నుంచి తొందరపెట్టి పిలిచారు. తడి జుట్టుతో వెళ్ళి చూశాను.

నీళ్ళ సంగతి కూడా చూశారు. కాచితే ఈ రసాయనాలు పోవని, మా ఇంట్లో ఉన్న ఆర్.ఓ. మిషన్ చాలావరకు తగ్గిస్తుందని తెలుసుకుని, ఫిల్టర్ మార్చాల్సిన టైముకి మార్పించడం తన పనిగా పెట్టుకున్నారు. కొత్త సోఫా కొన్నప్పుడు షోరూం వాళ్ళు మరక పడకుండా స్ప్రే ఫ్రీగా కొడతామంటే వద్దన్నారు. మైక్రోవేవ్‌లో పెట్టుకునే పాప్‌కార్న్ సంచులు మానేశాం. నా పాత రెయిన్‌కోటు మాత్రం పారేయనివ్వలేదు. "ఉన్నదాన్ని వాడు. పారేస్తే ఎక్కడికి పోతుంది?" అన్నారు.

పాత పెనం దగ్గర ఆ ప్రశ్నే వచ్చింది. పైకి బాగానే ఉంది, మధ్యలో మాత్రం రంగు మారింది. మా ఇంట్లో పని చేసే ఆవిడ దాన్ని చూసి, "పారేసేదైతే నాకివ్వండమ్మా," అంది. నేను మామయ్య గారి వైపు చూశాను.

"అది మంచిది కాదమ్మా. పిట్టలు పోయింది దాంతోనే," అన్నారాయన.

"మరి మీరు ఇన్నేళ్ళూ అందులోనే తిన్నారు కదండీ. మీకేమయింది?"

 ఆయన, "ఏమయిందో నాకే తెలీదు. తెలీంది నీకెలా ఇస్తాను?" అన్నారు. ఆవిడ ఆ మాటకి ఒప్పుకున్నట్టు కనిపించలేదు. మాకు అక్కర్లేనిదైనా ఆవిడకి ఇవ్వడానికి మనసొప్పడం లేదని అనుకున్నట్టుంది. మర్నాడు మామయ్య గారు ఇంకో ఇనప పెనం కొనుక్కొచ్చి ఇచ్చారు. తీసుకుంది. ఆ తరవాత ఎప్పుడో నేను అడిగితే, "బరువండీ, చెయ్యి లాగేస్తది. మా అత్త రొట్టెలు కాల్చుకుంటది దాని మీద. నేను ఎక్స్ఛేంజిలో కొత్త నాన్‌స్టిక్ తెచ్చుకున్నాను," అంది. ఖాళీగా మంట మీద పెట్టొద్దని, కిటికీ తీసి వండమని, మంట మధ్యస్థంగా ఉంచమని చెప్పాను. "అలాగేలెండి," అంది.

మా పెనాన్ని మామయ్య గారు పొడిచెత్తలో వేయడానికి కిందికి తీసుకెళ్ళారు. చెత్తబండి అతను దాన్ని పక్కన పెట్టుకున్నాడు.

"ఏం చేస్తావయ్యా దాన్ని?"

"పాత సామానోళ్ళకి ఏస్తానండి. అల్యూమినియం కదా, కరిగిచ్చుకుంటారు."

మామయ్య గారు అది తిరిగి ఇచ్చెయ్యమన్నారు. కరిగించే చోట ఆ పొగలో నిలబడేది ఎవరో ఆయన కళ్ళకి కట్టుంటుంది. పైకి తెచ్చి, గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశారు. అది అక్కడే ఉంది.

ఇంత జరిగినా మా ఆయన షాపు గురించి మామయ్య గారు ఒక్క మాట ఎత్తలేదు. మా ఆయన ముందు చదివింది చెప్పేటప్పుడల్లా నూనె అంటని కాగితం దగ్గరికొచ్చేసరికి మాట మార్చేవారు. అది నేను గమనించాను. మా ఆయన కూడా గమనించారనుకుంటాను. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మామయ్య గారే అడిగారు.

"ఒరే, నీ షాపులో కాగితాలు రకానికొకటి తెచ్చి చూపిస్తావా?"

"ఎందుకు నాన్నా?"

"ఊరికే. చూద్దామని."

మర్నాడు మా ఆయన ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. బజ్జీల పొట్లాల కాగితం, కేకుల కింద వేసేది, బిర్యానీ డబ్బాల అట్ట, పఫ్‌లు పెట్టే సంచులు. మామయ్య గారు ప్రతిదాని మీదా ఒక నూనె చుక్క వేశారు. కొన్నిటి మీద చుక్క పాకి ఇంకిపోయింది. రెండిటి మీద మాత్రం ముత్యంలా నిలబడింది. కాగితం వంచితే దొర్లింది.

"ఈ రెండూ ఏం పూసి చేశారు?" అని అడిగారు.

"నాకెలా తెలుస్తుంది? ఫుడ్ గ్రేడ్ అని రాసిస్తారు."

"ఇదేమీ గట్టి పరీక్ష కాదు. మైనం కావచ్చు, ఇంకోటి కావచ్చు. కానీ అనుమానించాల్సింది."

మా ఆయనకి కోపం వచ్చింది. ఆయన కోపం గొంతు పెంచడంలో కనబడదు, మాటల మధ్య ఖాళీ పెరుగుతుంది.

"నాన్నా, వీటిలో పెట్టుకుని తినేది ఏమిటి? మరిగిన నూనెలోనే మళ్ళీ మళ్ళీ వేయించిన బజ్జీలు. వాళ్ళని చంపేది కాగితమా, నూనెనా?"

"నూనే కావచ్చురా. కానీ నూనె ఉందని తినేవాడికి తెలుసు. తెలిసి తింటాడు. ఇది వాడికి తెలీదు, అమ్మే నీకూ తెలీదు. తెలీకపోతే ఏమవుతుందో నేను చూశాను కదా."

"నేను మానేస్తే పక్క షాపువాడు అమ్ముతాడు."

"అమ్ముతాడు. అది నేను కాదనడం లేదు."

అక్కడితో ఆగిపోయింది. మా ఆయన కాగితాలు మడిచి, సంచిలో పెట్టుకుని లేచారు. రెండు మూడు వారాలు ఇద్దరూ అవసరమైనంత వరకే మాట్లాడుకున్నారు. టీవీ రిమోట్ ఇవ్వమనడానికి కూడా నా ద్వారానే అడిగేవారు. నేను ఎవరి తరఫునా మాట్లాడలేదు. ఇద్దరి మాటా నాకు సరైనదే అనిపించింది.

ఆ మధ్యలో మా ఆయన షాపు నుంచే ఫోన్లు చేస్తున్నారని నాకు తరవాత తెలిసింది. డీలర్‌ని అడిగితే "ఫుడ్ గ్రేడే సార్" అన్నాడట. పూత ఏమిటని అడిగితే కంపెనీని అడగమన్నాడు. కంపెనీలో ఫోన్ ఎత్తినవాళ్ళు, అలాంటి ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నారట. కనుక్కుని చెబుతామన్నారు, చెప్పలేదు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట.

ఒక రోజు అన్నం తింటూ మా ఆయన, నా వైపు చూస్తూనే, వాళ్ళ నాన్నకి వినపడేలా చెప్పారు. "ఆ రెండు రకాలూ తెప్పించడం ఆపేశాను. వాళ్ళు ఏం పూస్తున్నారో చెప్పే దాకా వద్దనుకున్నాను. మామూలు బ్రౌన్ పేపర్ ఇస్తున్నాను."

"బేకరీవాళ్ళు ఏమన్నారు?" అని నేను అడిగాను.

"ఒకాయన నూనె బయటికి వస్తోందని పక్క షాపుకి మారిపోయాడు. మంగళగిరి దారిలో టిఫిన్ సెంటరాయన మాత్రం కాగితం లోపల అరటాకు ముక్క వేసి కడుతున్నాడు. ఆరోగ్యం కోసమేం కాదు. ఆకు వేస్తే ఇడ్లీకి మంచి వాసన వస్తోందని కస్టమర్లు అన్నారట."

మామయ్య గారు మజ్జిగ పోసుకుంటున్నారు. పోసుకోవడం ఆపి, "కొత్తగా ఇస్తున్నదాని మీద చుక్క వేసి చూశావా?" అని అడిగారు.

"చూశాను. ఇంకిపోయింది."

"అదీ గట్టి పరీక్ష కాదు."

"తెలుసు నాన్నా. నువ్వే చెప్పావుగా."

ఇద్దరూ భోజనం ముగించి చేతులు కడుక్కున్నారు. తరవాత మామయ్య గారు ఈసారి ఉయ్యూరు వైపు చెరుకు వేసినవాళ్ళు తక్కువట అని ఏదో మొదలుపెట్టారు. మా ఆయన అటువైపు వెళ్ళినప్పుడు రోడ్డు పక్క చూసిందేదో చెప్పారు. నేను కంచాలు తీసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. హాల్లోంచి చాలాసేపు వాళ్ళిద్దరి మాటలూ వినిపించాయి.